తిట్లన్నీ ఆ కుర్చీకే

2024 ఏప్రిల్ 12, శుక్రవారం రాత్రి. ముందురోజే రంజాన్ పండుగ అయింది. గచ్చిబౌలిలోని జీఎంసీ బాలయోగి స్టేడియంలో హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్ ఆ సీజన్‌లో తన ఆఖరి మ్యాచ్ ఆడుతోంది. ఎదురు జట్టు కేరళ బ్లాస్టర్స్. కేరళ మూడో గోల్ కొట్టేసరికి నారపల్లి నుంచి వచ్చిన కుర్రాడి ఓపిక అయిపోయింది. ఉన్నపళంగా లేచి ముందు సీటు వీపు మీద అరచేత్తో ఒక్కటి చరిచాడు.

"తియ్యుండ్రి! ముందు ఆ కోచ్‌ను తియ్యుండ్రి!"

ముందు వరసలో ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు. వాళ్ళకూ అదే మాట అనాలని ఉంది కాబట్టి ఏమీ అనలేదు. పక్కన కూర్చున్న మామ చేతిలోని బఠాణీల పొట్లం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మ్యాచ్ అయిపోవట్టె. సీజన్ గూడ అయిపోయె. ఇప్పుడు తీసి ఏం జేస్తవ్ రా?"

"ఏం జేసుడేంది మామా? ఇరవై రెండు మ్యాచులల్ల ఒక్కటి గెలిసినం. ఒక్కటంటే ఒక్కటి! గల్లీ టీమ్ గూడ గింత ఘోరంగ ఓడది."

"అవతల ఎందరు ఫారిన్ ప్లేయర్లున్నరు? మనకెందరున్నరు? గది లెక్కబెట్టినవా?"

"గెలవకపోతే లెక్కలు జెప్తరు అందరు!"

కుర్రాడు మళ్ళీ కూర్చోలేదు. చివర్లో జోవో విక్టర్ ఒక గోల్ తిరిగి కొట్టాడు. అప్పుడు మాత్రం గొంతు చించుకుని అరిచాడు. ఓడిపోతున్న మ్యాచ్‌లో, పట్టికలో అట్టడుగు ఖాయమైన జట్టు కొట్టిన ఆ గోల్‌కు వాడి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. స్కోరు 1-3. సీజన్ లెక్క తేలింది: 22 మ్యాచ్‌లు, 1 గెలుపు, 5 డ్రాలు, 16 ఓటములు, 8 పాయింట్లు. ఆఖరి స్థానం. రెండేళ్ళ కింద ఇదే జట్టు ఇండియన్ సూపర్ లీగ్ చాంపియన్.

ఇక్కడొక మాట చెప్పాలి. ఈ కథలో వచ్చే మ్యాచ్‌లు, తేదీలు, స్కోర్లు, కోచ్‌ల పేర్లు రికార్డులో ఉన్నవి. మామా అల్లుళ్ళు మాత్రం ఏ ఒక్క ఇంటివాళ్ళూ కారు. ఆ గ్యాలరీల్లో గొంతు పోగొట్టుకున్న చాలామందిని ఇద్దరిలో పోసి చెబుతున్నాను. పేర్లు పెట్టకపోవడం అందుకే.

*

నారపల్లిలో ఉండేవాడు గచ్చిబౌలికి ఫుట్‌బాల్ చూడటానికి పోవడమంటే ఏమిటో తూర్పు హైదరాబాద్ వాళ్ళకు విడమరిచి చెప్పక్కర్లేదు. నగరానికి ఈ కొస నుంచి ఆ కొస. వరంగల్ రోడ్డు మీద బస్సు పట్టుకుని మేడిపల్లి, బోడుప్పల్ దాటి ఉప్పల్ రింగ్‌రోడ్డుకు చేరాలి. ఆ దారంతా ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పిల్లర్లే. 2018లో శంకుస్థాపన జరిగిన 6.2 కిలోమీటర్ల వంతెన అది. మన కుర్రాడు ఇంటర్‌లో ఉన్నప్పుడు లేచిన పిల్లర్లు, వాడు ఉద్యోగంలో చేరాక కూడా నెత్తిన ఇనుప చువ్వలతో అలాగే నిలబడి ఉండేవి. వాటి కింద దుమ్ము, గుంతలు. ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే రాయదుర్గం దాకా ఒకే రైలు. దిగాక మళ్ళీ ఆటో.

అదే ఉప్పల్‌లో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ క్రికెట్ స్టేడియం ఉంది. మెట్రోలో ఒక స్టేషన్‌కు 'స్టేడియం' అనే పేరుంది. ఏ స్టేడియం అని ఎవరూ అడగరు. 2024 మార్చి 27న అక్కడ సన్‌రైజర్స్ ముంబయి మీద 277 పరుగులు బాదింది. ఐపీఎల్‌లో అప్పటిదాకా అంత స్కోరు ఎవరూ చేయలేదు. నారపల్లిలో టీ కొట్ల దగ్గర వారం రోజులు అదే ముచ్చట. ఇంటి పక్కన అంత సంబరం జరుగుతుంటే, ఈ కుర్రాడు నగరం దాటి, సీజన్ మొత్తంలో ఒకే ఒక్క మ్యాచ్ గెలిచిన జట్టును చూడటానికి పోతున్నాడు. ఇంట్లోవాళ్ళు అడిగారు, ఆఫీసులో అడిగారు, "నీకేమన్నా పిచ్చా?" అని. వాడి దగ్గర సమాధానం లేదు. పసుపు జెర్సీ ఉంది.

అలాంటివాడికి కోపం రావడం సహజమే. అంత దూరం వెళ్ళినవాడి కోపానికి విలువ ఇవ్వాలి. నేను చెప్పదలచుకున్నది ఆ కోపం తప్పని కాదు, అది ఎటు పోయిందన్నది.

*

హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది 2019లో, పుణె జట్టు మూతపడిన చోట. తొలి కోచ్ ఇంగ్లండ్‌వాడు ఫిల్ బ్రౌన్. 2008లో హల్ సిటీని ప్రీమియర్ లీగ్‌కు చేర్చిన మనిషి. పెద్ద పేరు వచ్చిందని నగరంలో ఫుట్‌బాల్ తెలిసినవాళ్ళు పొంగిపోయారు. తొలి మ్యాచ్ కోల్‌కతాలో, ఏటీకే మీద: 0-5. నవంబరు 2న గచ్చిబౌలిలో సొంత జనం ముందు కేరళను 2-1తో ఓడించినప్పుడు ఇక దారిలో పడ్డట్టే అనుకున్నారు. ఆ తర్వాత బ్రౌన్ ఉన్నన్నాళ్ళూ గెలుపే లేదు. 2020 జనవరిలో చెన్నయిన్ చేతిలో ఇంటి దగ్గరే 1-3తో ఓడాక బ్రౌన్‌ను పంపేశారు. ఆ ఏడూ ఆఖరి స్థానమే.

అప్పుడూ గ్యాలరీలో ఇదే మాట: కోచ్‌ను తీసెయ్యండి. తీసేశారు. తర్వాత వచ్చింది మనోలో మార్కెజ్. నిజానికి తర్వాతి సీజన్‌కు అనుకున్నది ఆల్బర్ట్ రోకాను. ఆయన బార్సిలోనాకు వెళ్ళిపోవడంతో స్పెయిన్ నుంచి మనోలోను పిలిచారు. 2020 ఆగస్టులో వచ్చిన ఆ కోచ్ కుర్రాళ్ళను నమ్మాడు. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, మహమ్మద్ యాసిర్ లాంటివాళ్ళు ఆయన చేతిలోనే జాతీయ స్థాయికి ఎదిగారు. వాళ్ళ ముందు బార్తోలోమ్యూ ఓగ్బేచే. 2021-22లో 18 గోల్స్ కొట్టాడు.

2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో ఫైనల్. మళ్ళీ కేరళే. 68వ నిమిషంలో కేరళ గోల్. 88వ నిమిషంలో దూరం నుంచి సాహిల్ టవోరా సమం చేశాడు. షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. 3-1. హాలిచరణ్ నర్జరీ ఆఖరి షాట్ కొట్టగానే నారపల్లిలో ఒక ఇంట్లో కుర్రాడు పెట్టిన కేకకు కింది వాటా వాళ్ళు పైకి వచ్చారు.

ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కోవిడ్ వల్ల 2020-21, 2021-22 సీజన్లు రెండూ మొత్తం గోవాలోనే జరిగాయి. హైదరాబాద్ చాంపియన్ అయిన సీజన్‌లో హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ కూడా జరగలేదు. గెలుపును ఈ నగరం టీవీలో చూసింది, ఓటమిని గచ్చిబౌలి గ్యాలరీలో కూర్చుని చూసింది. అభిమానులు కోచ్‌ల మీద అంత కటువుగా ఎందుకున్నారో అర్థం కావాలంటే ఇది ముందు తెలియాలి.

2022-23లో జట్టు సొంతూరికి వచ్చింది. లీగ్‌లో రెండో స్థానం. సెమీఫైనల్‌లో ఏటీకే మోహన్ బగాన్‌తో ఇక్కడ 0-0, అక్కడ 0-0, చివరికి షూటౌట్‌లో ఓటమి. మనోలో గోవాకు వెళ్ళిపోయాడు. అక్కడి నుంచే కథ దిగజారింది.

*

2023-24 మొదట్లో బెంచ్ మీద ఐర్లండ్‌కు చెందిన కోనర్ నెస్టర్, థాంగ్‌బోయ్ సింగ్టో ఉన్నారు. సీజన్ మధ్యలోనే నెస్టర్ వెళ్ళిపోయాడు. భారమంతా సింగ్టో మీద పడింది. ఈశాన్యం నుంచి వచ్చి, షిల్లాంగ్ లాజోంగ్‌ను నడిపించి పేరు తెచ్చుకున్న కోచ్. హైదరాబాద్ కప్పు గెలిచినప్పుడు మనోలో పక్కన పనిచేసినవాడు కూడా.

ఆయన చేతికి వచ్చిన జట్టు ఎలాంటిది? క్లబ్‌లో జీతాలు నెలల తరబడి నిలిచిపోయాయి. బకాయిలు తీర్చనందుకు కొత్త ఆటగాళ్ళను నమోదు చేసుకోకుండా నిషేధం పడింది. మోయా, అలానిస్, పెన్నానెన్, నోల్స్... విదేశీ ఆటగాళ్ళు ఒక్కొక్కరే సామాన్లు సర్దుకున్నారు. జనవరిలో నిఖిల్ పూజారి, చింగ్లెన్‌సనా, యాసిర్ వేరే క్లబ్‌లకు పోయారు. లీగ్ నిబంధన ప్రకారం ఒక్కో జట్టు మైదానంలోకి నలుగురు విదేశీయులను దింపొచ్చు. ఎదుటి జట్లు నలుగురితో దిగుతుంటే హైదరాబాద్‌కు చివరికి మిగిలింది బ్రెజిల్‌వాడు జోవో విక్టర్ ఒక్కడే. మిగతా చోట్లు అకాడమీ పిల్లలతో, రిజర్వ్ జట్టు కుర్రాళ్ళతో నింపారు. గోల్స్ చేసినవి 10, ఇచ్చినవి 43. ఆ ఒక్క గెలుపు 2024 మార్చిలో, చెన్నైలో, 1-0తో వచ్చింది. అంటే సొంత గడ్డ మీద సున్నా.

గ్యాలరీలో కూర్చున్నవాడికి ఇందులో ఏది కనబడుతుంది? జీతం పడని బ్యాంకు ఖాతా కనబడదు. నిషేధం కాగితం కనబడదు. యజమానులు వీఐపీ బాక్స్‌లో ఉన్నారో లేదో కూడా తెలియదు. తొంభై నిమిషాలూ కంటి ముందు కనబడేది గీత పక్కన నిలబడ్డ కోచ్ ఒక్కడే. సబ్‌స్టిట్యూషన్ ఆలస్యమైతే ఆయన తప్పు. ముందే చేస్తే ఆయన తప్పు. పందొమ్మిదేళ్ళ కుర్రాడు మార్కింగ్ వదిలేస్తే, "గా పోరణ్ణి ఎందుకు దింపిండు?" అని ఆయన తప్పే. బెంచ్ మీద వేరే ఎవరూ లేరన్న సంగతి ఆ కోపంలో ఎవరికి గుర్తుంటుంది?

డెక్కన్ లీజియన్ పేరుతో గ్యాలరీలో జట్టు కట్టి డోళ్ళు వాయించిన అభిమానులకు అసలు జబ్బు ఎక్కడుందో తెలుసు. మామూలు అభిమానికి అంత ఓపిక ఉండదు, ఉండాలని అడగడమూ న్యాయం కాదు. టికెట్ కొన్నది ఆట చూడటానికి, క్లబ్ పద్దులు చదవడానికి కాదు.

*

ఆ రాత్రి రాయదుర్గంలో మెట్రో ఎక్కాక మామా అల్లుళ్ళకు పక్కపక్కనే సీట్లు దొరికాయి. మామది నాచారం. పారిశ్రామికవాడలో ముప్పై ఏళ్ళు పనిచేసి దిగినవాడు. వయసులో ఉండగా ఫ్యాక్టరీ జట్టులో హాఫ్‌బ్యాక్. ఇప్పుడు ఆదివారాలు పొద్దున్నే వాడకట్టు పిల్లలను పోగేసి ఆడిస్తుంటాడు, విజిల్ ఆయనదే.

అమీర్‌పేట దాకా అల్లుడు పలకలేదు. ఆ తర్వాత ఫోన్ తీసి చూపించాడు.

"గీ సినిమా నిన్ననే వచ్చిందంట మామా. 'మైదాన్'. మన రహీం సాబ్ మీద. పోదామా?"

మామ ముఖం వెలిగింది. "పోదాం పా. మా నాయిన ఫతే మైదాన్‌ల జూసిండు ఆయన్ని. సైకిల్ మీద నాచారం కెల్లి పోయి జూసిండు."

"రహీం సాబ్ లాంటి కోచ్ ఉంటే మనకీ గతి పట్టేదా?"

"రహీం సాబ్‌ను గూడ తిట్టేటోళ్ళు ఉంటరు రా. 1952ల హెల్సింకిల పది గోల్స్ తిన్నం. యుగోస్లావియా మీద. పది ఒకటి! అప్పుడు కోచ్ ఎవరనుకున్నవ్?"

అల్లుడు నమ్మలేదు. ఫోన్‌లో వెతికాడు. నిజమే. సయ్యద్ అబ్దుల్ రహీం. చాలామంది ఆటగాళ్ళు వట్టి కాళ్ళతో, వణికించే చలిలో ఆడిన మ్యాచ్ అది.

"మళ్ళ?"

"మళ్ళేముంది? మళ్ళ ఆయనకే ఇచ్చిన్రు టీమ్‌ను. 1956ల మెల్‌బోర్న్‌ల నాలుగో స్థానం. 1962ల జకార్తాల గోల్డ్. నలుగురి మాట విని పది గోల్స్ తిన్న కోచ్‌ను మూలకు కూసోబెడితే గా గోల్డ్ ఏడికెల్లి వచ్చేది?"

మామ చెప్పినదానికి కొంచెం కలపాలి. రహీం సాబ్ వృత్తిరీత్యా బడిపంతులు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్. 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదు సార్లు ముంబయిలో రోవర్స్ కప్పు పట్టుకొచ్చిన జట్టు అది. జకార్తా ఫైనల్ 1962 సెప్టెంబరు 4న, దక్షిణ కొరియాతో. స్టేడియం నిండా భారత్‌కు వ్యతిరేకంగా అరిచే జనం. కోచ్‌కు అప్పటికే క్యాన్సర్. 2-1తో గెలిపించి తిరిగొచ్చాడు, మరుసటి ఏడాది జూన్ 11న కన్నుమూశాడు. ఆ జట్టులో పీటర్ తంగరాజ్, యూసుఫ్ ఖాన్, తులసీదాస్ బలరాం హైదరాబాద్ మైదానాల్లో తయారైనవాళ్ళు.

"బలరాం అంటే అమ్ముగూడ పోరడు" అన్నాడు మామ. "మన నాచారానికి ఏం దూరం? లేనింటి పిలగాడు. ప్రాక్టీస్‌కు వచ్చెటందుకు పైసల్లేకపోతే రహీం సాబ్ సైకిల్ కిరాయి ఇప్పిచ్చిండు. ప్లేయర్ గ్రౌండ్‌కు వచ్చే దారి సుత చూసుకున్నడు ఆయన. గిప్పుడు చెప్పు. మనోళ్ళకు జీతాలే లేకపాయె. సింగ్టో ఏ సైకిల్ ఇప్పియ్యాలె?"

"అంటే కోచ్ తప్పే లేదంటవా?"

"అట్ల ఎందుకంట? రెండు మూడు మ్యాచులు డ్రా జేస్కునేటియి పోగొట్టిండు. నాగ్గూడ మండింది. గని నువ్వు రోజు నారపల్లి బస్సు ఎక్కుతవ్ గద. పిల్లర్ల కింద గుంతలల్ల బస్సు ఎగిరెగిరి పడ్తే బస్సుల ఉన్నోళ్ళందరు ఎవర్ని తిడ్తరు?"

"డ్రైవర్ని."

"రోడ్డు సగంల ఇడిసిపెట్టినోడు బస్సుల కనబడడు."

తార్నాక దాటింది. హబ్సిగూడలో మామ దిగాల్సిన చోటొచ్చింది. దిగుతూ అల్లుడి భుజం తట్టి, "సినిమాకు ఆదివారం మ్యాట్నీ జూడు. పొద్దుగాల నాకు పోరగాళ్ళతోని ఆట ఉంటది" అన్నాడు.

రహీం సాబ్ మీద తీసిన సినిమా విడుదలైన మర్నాడే ఆయన నగరపు క్లబ్ అట్టడుగున సీజన్ ముగించింది. ఈ రెండు తేదీలను ఎవరూ కలిపి పెట్టలేదు. కానీ ఆ వారం హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ ప్రేమించిన వాళ్ళకు ఆ రెండూ ఒకే గాయం మీద పడ్డాయి.

*

2024 సెప్టెంబరులో గచ్చిబౌలి మళ్ళీ వెలిగింది. ఇంటర్‌కాంటినెంటల్ కప్ కోసం భారత జట్టు వచ్చింది. పాత కోచ్ స్టిమాచ్‌ను తొలగించాక జాతీయ జట్టు పగ్గాలు అందుకున్న కొత్త కోచ్ ఎవరో కాదు, మనోలో మార్కెజ్. భారత కోచ్‌గా ఆయన తొలి మ్యాచ్ తాను కప్పు తెచ్చిచ్చిన నగరంలోనే. మన కుర్రాడు రెండు మ్యాచ్‌లకూ పోయాడు. మారిషస్‌తో 0-0. సిరియాతో 0-3.

తిరుగు ప్రయాణంలో వాడు కోచ్‌ను ఏమీ అనలేదు. అనబుద్ధి కాలేదు. మనోలో కదా.

తర్వాత ఏం జరిగిందో అందరికీ తెలుసు. మనోలో హయాంలో భారత్ 8 మ్యాచ్‌లు ఆడి ఒక్కటే గెలిచింది, మాల్దీవుల మీద. 2025 జూన్‌లో హాంకాంగ్ చేతిలో కూడా ఓడింది. జులైలో ఆయన తప్పుకున్నాడు. విచిత్రం ఏమిటంటే అదే ఏడాది మే నెలలో అదే మనిషి గోవాకు సూపర్ కప్ గెలిపించాడు. ఒకే బుర్ర, ఒకే చేతులు. ఒక చోట కప్పు, ఇంకో చోట గోల్ కొట్టడమే గగనం. రోజూ మైదానంలో చేతికి దొరికే జట్టు వేరు, ఏడాదికి కొన్నిసార్లు వారం రోజులకు దొరికే జట్టు వేరు. కోచ్ మంత్రగాడు కాడని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదనుకుంటాను.

హైదరాబాద్ ఎఫ్‌సీలో కూడా ఆ శరదృతువులో మార్పు వచ్చింది. బీసీ జిందాల్ గ్రూప్ క్లబ్‌ను తీసుకుంది. డబ్బు వచ్చింది, విదేశీ ఆటగాళ్ళు వచ్చారు. కానీ సీజన్ ముంగిట హడావిడిగా కూర్చిన జట్టు. బెంగళూరులో 0-3తో మొదలు. అక్టోబరులో కోల్‌కతాలో మహమ్మదన్‌ను 4-0తో చిత్తు చేశారు. నవంబరు 7న కొచ్చిలో కేరళను 2-1తో ఓడించారు. ఆ రాత్రి నారపల్లి నుంచి నాచారానికి ఫోన్ పోయింది.

"మామా, నువ్వన్నట్టే. ప్లేయర్లు ఉంటే కోచ్ గెలుస్తడు!"

"ఆగు రా, గప్పుడే ఎగరకు."

నవంబరు 25న ఒడిశా చేతిలో 0-6. ఆరు. అల్లుడు ఈసారి ఫోన్ చేయలేదు. మామ చేస్తే ఎత్తలేదు. రెండో రోజు ఒక్క మెసేజ్ పెట్టాడు: "ఇప్పుడన్న తియ్యుమని అననిస్తవా?"

మామ కాసేపాగి జవాబిచ్చాడు: "అను. ఈసారి నీ మాట కాదనను."

నేను కూడా కాదనను. జట్టు లేనప్పుడు కోచ్‌ను తిట్టడం వేరు, జట్టు ఎంతో కొంత ఉన్నాక ఆరు గోల్స్ తింటే అడగడం వేరు. రెండో దానికి కోచ్ జవాబు చెప్పాల్సిందే. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళకూ ఆ సంగతి తెలుసు.

డిసెంబరులో క్లబ్ సింగ్టోను తప్పించింది. రిజర్వ్ జట్టును చూసిన కేరళవాడు షమీల్ చెంబకత్‌కు తాత్కాలిక బాధ్యత అప్పగించింది. గ్యాలరీ ఏడాదిగా అడిగింది జరిగింది. తొలి మ్యాచ్‌లోనే నార్త్‌ఈస్ట్ యునైటెడ్ ఐదు గోల్స్ కొట్టింది, 2-5. తర్వాత కొన్ని డ్రాలు, జనవరిలో జంషెడ్‌పూర్ మీద ఒక మంచి గెలుపు. చివరికి 13 జట్లలో 12వ స్థానం.

కోచ్ మారితే ఏం మారింది? అల్లుడు ఆ ప్రశ్న వేసుకున్నాడో లేదో గానీ, గచ్చిబౌలికి పోవడం మాత్రం మానలేదు. షమీల్ పిల్లలను నమ్ముతున్నాడని, వచ్చే ఏడు నిలబెడతాడని మామతో వాదించేవాడు. తిట్టే నోరే పొగడటం మొదలుపెట్టింది. అభిమానికి అంతే కావాలి, వచ్చే ఏడు అనేది ఒకటి ఉండాలి.

*

వచ్చే ఏడు రాలేదు. 2025లో క్లబ్ హైదరాబాద్ వదిలిపోయింది. ఢిల్లీకి మారి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. పేరు మారింది, ఊరు మారింది. ఆరేళ్ళు పసుపు జెర్సీ వేసుకున్నవాణ్ణి ఎవరూ అడగలేదు.

నాకు మండేది ఇక్కడే. ఫిల్ బ్రౌన్‌ను తీసేయమన్నప్పుడు జనం గొంతు వినబడింది. సింగ్టోను తీసేయమన్నప్పుడు ఆలస్యంగానైనా వినబడింది. కోచ్ విషయంలో అభిమాని మాటకు ఎంతో కొంత విలువ ఉంది, ఎందుకంటే కోచ్‌ను తీయడం చవక. ఒక సంతకం చాలు. గ్యాలరీ చల్లబడుతుంది, జీతాల సంగతి, అకాడమీ సంగతి, మైదానాల సంగతి ఇంకో ఆరు నెలలు ఎవరూ ఎత్తరు. క్లబ్బే లేచిపోతున్నప్పుడు మాత్రం ఆ గొంతుకు పైసా విలువ లేకపోయింది. ఇంగ్లండ్‌లో, జర్మనీలో క్లబ్ ఊరు మారుస్తామంటే వీధులు నిండిపోతాయి. 2003లో వింబుల్డన్ క్లబ్‌ను మిల్టన్ కీన్స్‌కు తరలిస్తే, అంతకు ముందే అభిమానులు ఏఎఫ్‌సీ వింబుల్డన్ పేరుతో తమ క్లబ్‌ను తామే కట్టుకుని కింది లీగ్ నుంచి మొదలుపెట్టారు. ఇక్కడ మనకు చెప్పే దిక్కు కూడా లేదు.

హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ మొత్తం పోలేదు. శ్రీనిధి డెక్కన్ ఉంది. 2022-23లో, 2023-24లో రెండుసార్లు ఐ-లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది. ఆ సంస్థ ఇంజినీరింగ్ కాలేజీ నారపల్లికి దగ్గరలోనే, ఘట్‌కేసర్ వైపు యమ్నంపేటలో ఉంది. మైదానం మాత్రం నగరానికి అవతల, మొయినాబాద్ వైపు అజీజ్‌నగర్‌లో. మన కుర్రాడికి గచ్చిబౌలే దగ్గర అనిపించేంత దూరం.

ఢిల్లీ వార్త వచ్చిన రోజు సాయంత్రం వాడు ఆఫీసు నుంచి నేరుగా నాచారం వచ్చాడు. మామ ఇంటి ముందు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అత్త నీళ్ళిచ్చింది. వాడు గ్లాసు పట్టుకునే ఉన్నాడు, తాగలేదు.

"పోయింది మామా."

"చదివిన."

"ఆరేండ్లు. బ్రౌన్‌ను తిట్టిన, నెస్టర్‌ను తిట్టిన, సింగ్టోను తిట్టిన. ఇప్పుడు ఎవర్ని తిట్టాలె? పేరు గూడ తెల్వది నాకు."

మామ వెంటనే ఏమీ అనలేదు. లోపలికి పోయి విజిల్, ఒక పాత బంతి పట్టుకొచ్చాడు. బంతిని అల్లుడి చేతిలో పెట్టి నొక్కి చూడమన్నాడు. గాలి తగ్గింది.

"పంపు నీ బండిల ఉన్నదా?"

"ఉన్నది."

"ఎల్లుండి ఆదివారం. నాకు మోకాలు గుంజుతున్నది, ఉరకలేను. పద్నాలుగు మంది పోరగాళ్ళున్నరు. ఆరున్నరకు గ్రౌండ్ల ఉండు. వాళ్ళకు కోచ్ కావాలె."

"నేనా? నాకేం వస్తది మామా?"

"రెండు మ్యాచులు ఓడినంక వాళ్ళే జెప్తరు నీకేం రాదో" అని మామ పంపు కోసం వాడి బండి వైపు నడిచాడు.